ముప్పయ్యో నిమిషం

స్టెబిలైజర్ మూతకు నాలుగో మర బిగించి, మీటరు తీగలు చుట్టుకుంటూ, కరెంటులో ఏ లోపమూ లేదని సైదా బీ చెప్పింది. ముల్లు రెండువందల ముప్పై దగ్గర కదలకుండా నిలబడిందనీ, వచ్చినప్పటి నుంచి మూడుసార్లు చూసినా అంతే ఉందనీ చెప్పింది. ఆ మాట ఇంటి యజమాని లక్ష్మీనారాయణ గారికి రుచించలేదు. ఆయన చూపు ఆమె మీద నిలవకుండా పక్క కుర్చీలో కూర్చున్న ఆమె తండ్రి మీదికి పోయింది.

“సాబ్, మీరొకసారి చూడండి” అన్నాడాయన.

గఫూర్ సాబ్ కుర్చీలోంచి లేవలేదు. రెండు చేతులూ ఒళ్లో ఒకదాని మీద ఒకటి ఆనించుకొని, “చూసింది కదా సారూ. బాగుందంటే బాగున్నట్టే” అన్నాడు.

ఎనభై ఎనిమిది ఏప్రిల్. ఎమ్మిగనూరులో పొద్దున పదిగంటలకే గోడలు కాగుతున్నాయి. తండ్రీ కూతుళ్లు ఇద్దరూ రంజాన్ నెల రోజా ఉండి, ఆదోని నుంచి మొదటి బస్సుకు వచ్చారు. ఆదోని బజారులో గఫూర్ సాబ్‌ది నలభై ఏళ్ల రేడియో రిపేరు అంగడి. స్టెబిలైజర్లు కూడా తీగ చుట్టించి తయారుచేయిస్తాడు. ఈ ఇంట్లో ఉన్నది ఆయన ఇచ్చినదే కాబట్టి, చెడితే ఆయనే రావాలని లక్ష్మీనారాయణ గారు మనిషిని పంపి పిలిపించాడు.

నిజానికి చెడింది స్టెబిలైజర్ కాదు. దాని పక్కన, బల్ల మీద, గుడ్డ కప్పి ఉన్న కంప్యూటరు. బెంగళూరులో ఏదో కంపెనీ మూతపడినప్పుడు బావమరిది ద్వారా వచ్చిన పాత యంత్రం అది. రెండేళ్లు చక్కగా నడిచింది. మూడు వారాల కిందట బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చి, పాత సిస్టం ఫ్లాపీలు పక్కన పెట్టి కొత్త సిస్టం ఎక్కించాడు. అది నడవడానికి జ్ఞాపకశక్తి చాలదంటూ లోపల ఒక కొత్త కార్డు కూడా దూర్చి పోయాడు. ఆ మర్నాటి నుంచి యంత్రం నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. ట్రంకాల్ చేస్తే, మీ ఊళ్లో వోల్టేజి సరిగా లేదన్నాడు ఇంజనీరు. అంతకుముందు చేసినప్పుడు వేరే మాట చెప్పాడు. మేడం గారు ఈ వయసులో నేర్చుకున్నారు కదా, నొక్కకూడని మీటలు నొక్కుతున్నట్టున్నారు అన్నాడు.

ఆ మేడం గారు, లక్ష్మీనారాయణ గారి భార్య ఉమాదేవి, గుమ్మం దగ్గర నిలబడి ఉంది. యాభై రెండేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. సైదా ఆమె వైపు తిరిగి, ఒకసారి నడిపి చూపించమని అడిగింది. కరెంటు చూడటానికి వచ్చినవాళ్లకు అదెందుకని లక్ష్మీనారాయణ గారు అనబోయాడు గానీ, ఉమాదేవి అప్పటికే కుర్చీ లాక్కుంటోంది.

సైదా ఆమె పక్కన నిలబడి తెర వైపు చూడలేదు. వేళ్లు చూసింది. ఉమాదేవి ఎడమచేతి వైపు నోటుపుస్తకం తెరిచి పెట్టుకుంది. ఒక అంకె చూస్తుంది, పెదవులతో అనుకుంటుంది, నొక్కుతుంది, తెర మీద చూస్తుంది, పుస్తకంలో ఆ అంకె పక్కన పెన్సిలుతో చుక్క పెడుతుంది. అప్పుడు తర్వాతి అంకె. తడబాటు లేదు, తొందర లేదు. అవి వాన అంకెలు. లక్ష్మీనారాయణ గారు కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల నుంచీ, ఆయన దగ్గర చదివి పల్లెల్లో పంతుళ్లయినవాళ్లు నెలనెలా కార్డు రాసి వాన ఎంత పడిందో తెలుపుతూ వచ్చారు. ఆలూరు, పత్తికొండ వైపు నుంచి కూడా కార్డులు వచ్చేవి. గోనెగండ్లలో బడి అటెండరు నరసన్న ఒక్క వాన కూడా వదలకుండా కొలిచేవాడు. ఇరవై మూడు ఊళ్లు, ముప్పై ఏళ్లు, ఏటా నాలుగు వాన నెలలు. అన్నీ పుస్తకాలకెక్కించింది ఉమాదేవి చెయ్యి.

ఈ ఏడు కరువు మండలాల పట్టీలో గోనెగండ్ల లేదు. ఎమ్మిగనూరులో పడిన వాననే అక్కడా పడినట్టు లెక్కవేశారు. సోమవారం కర్నూలులో కమిటీ కూర్చుంటుంది. అభ్యంతరాలుంటే తేవచ్చన్నారు. చేతిరాత పుస్తకాలు చూపిస్తే, ఎవరు కూడారో, ఎట్లా కూడారో అని ఒకసారి తిప్పి పంపారు. అన్ని ఊళ్ల సరాసరీ పక్కపక్కన అచ్చుగా కనపడాలి. పాత సిస్టం ఒక్కసారికి ఒక ఊరినే పట్టుకునేది. అందుకే ఈ మార్పు.

ముప్పయ్యో నిమిషం దాటి కాసేపయ్యాక తెర మీది అంకెలు ఉన్నవి ఉన్నట్టే మాయమయ్యాయి. రెండు ఇంగ్లీషు మాటలు, వాటి పక్కన ‘2’ అన్న అంకె మిగిలాయి. ఏ మీట నొక్కినా చలనం లేదు. ఉమాదేవి చేతులు ఒళ్లోకి తీసుకొని కొంగుతో తుడుచుకుంది.

“నేనేమీ తప్పు నొక్కలేదు” అంది, ఎవరి వైపూ చూడకుండా.

“నొక్కలేదమ్మా. నేను చూస్తానే ఉన్నా” అంది సైదా.

ఉమాదేవి తలెత్తి ఆమెను చూసింది. మూడు వారాల్లో ఆ మాట అన్న మొదటి మనిషి.

సైదా ఇంకో ప్రశ్న అడిగింది. ఇంతకుముందు ఎప్పుడెప్పుడు ఆగింది, గుర్తుందా అని. ఉమాదేవి లేచి అలమర నుంచి ఒక సన్నని పుస్తకం తెచ్చింది. ఆగిన ప్రతిసారీ తేదీ, మొదలుపెట్టిన గంట, ఆగిన గంట, అప్పుడు ఏ ఊరి వాన ఎక్కిస్తోందో అన్నీ అందులో గీతలు కొట్టి రాసి ఉన్నాయి. ముప్పై ఎనిమిది సార్లు. వాన రాసే చేతికి ఏదీ రాయకుండా ఉండటం చేతకాదు. ఇంజనీరు ఆ పుస్తకం అడగలేదు, ఆమె చూపించలేదు.

సైదా నేల మీద కూర్చొని ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివింది. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టిన రోజు యాభై నిమిషాలు నడిచింది. పదిగంటలకు మొదలుపెడితే ముప్పై, ముప్పై ఐదు. మధ్యాహ్నం రెండుకైతే ఇరవై కూడా లేదు. ఊరు ఏదైనా అంతే. పాత ఫ్లాపీలు వేసి చూసిన రెండు రోజులు మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

“అబ్బా, వేడికి ఆగుతాంది” అంది తండ్రితో.

గఫూర్ సాబ్ తల ఊపాడు. వేడెక్కాక నోరు మూసుకునే రేడియోలు ఆయన వందల్లో చూశాడు. సిస్టం మారిస్తే ఎందుకు ఆగాలి, మార్చకపోతే ఎందుకు ఆగకూడదు అని లక్ష్మీనారాయణ గారు అడిగాడు. గురువుగా మంచి ప్రశ్నే. సైదా కొంచెం ఆలోచించి, కొత్త కార్డు దగ్గరికి పాత సిస్టం పోనే పోదేమో, మనం పోని గదిలో పైకప్పు కారితే ఎవరికి తెలుస్తుంది సార్ అంది. మర్నాడు ఆమె వచ్చి పెట్టె మూత తీసి చూడటానికి ఆయన ఒప్పుకున్నాడు.

శుక్రవారం మూత తీశారు. సైదా దూదితో దుమ్ము తుడిచింది, కార్డు గట్టిగా కూర్చుందో లేదో చేత్తో కాకుండా కళ్లతో చూసింది. కార్డు మీద ఆరు వరుసల్లో, వరుసకు తొమ్మిది చొప్పున నల్లటి చిన్న చిప్పులు ఉన్నాయి. తీగ ఎక్కడా తెగలేదు. మూత తీసే ఉంచి నడిపితే, నలభై నిమిషాలు గడిచినా ఆగలేదు. గంట గడిచింది. ఆగలేదు.

లక్ష్మీనారాయణ గారి ముఖం విప్పారింది. మూత లేకుండా నడిస్తే మూతతో మనకేం పని, సోమవారం దాటనీ, తర్వాత చూసుకుందాం అన్నాడు. సైదాకు మనసొప్పలేదు. లోపం పోలేదు, గాలికి కాస్త వెనక్కి తగ్గింది, అంతే. ఆ మాట చెప్పింది కూడా. కానీ ఆయన తొందర ఆయనది. ఉమాదేవి కూర్చొని వరసగా ఎక్కించసాగింది. పన్నెండు దాటాక గఫూర్ సాబ్ జుమ్మా నమాజుకు పోయాడు. ఒంటిగంటకు చివరి ఊరు అయిపోయింది. అంతా కలిపి ఫ్లాపీ మీదికి దించమని ఉమాదేవి మీట నొక్కింది. ఫ్లాపీ గరగరలాడుతుండగా, సగంలో, తెర మీద మళ్లీ ఆ రెండు మాటలు వచ్చాయి.

ఈసారి పోయింది ఆ పూట పని మాత్రమే కాదు. సగం రాసి ఆగిన ఫ్లాపీ, ఆ తర్వాత ఏమీ చదవనివ్వలేదు. అంతకుముందు కష్టపడి దాచుకున్న ఊళ్లు కూడా అందులోనే ఉన్నాయి.

లక్ష్మీనారాయణ గారు అరవలేదు. అరిస్తే సైదాకు బాగుండేది. ఆయన కుర్చీ వెనక్కి జరిపి, కిటికీ దగ్గరికి పోయి నిలబడి, అటువైపే చూస్తూ మాట్లాడాడు. రేడియో వేరు, ఇది వేరు అన్నాడు. ఇంజనీరు ఎవరినీ ముట్టుకోనివ్వద్దన్నాడు, నేనే వినలేదు అన్నాడు. ఇక మీరు పోయి రండమ్మా అన్నాడు. సైదా స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంది. ఉమాదేవి ఏదో అనబోయి, భర్త వీపు చూసి ఆగిపోయింది.

గఫూర్ సాబ్ నమాజు నుంచి వచ్చేసరికి కూతురు సంచి కట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. సంగతి రెండు మాటల్లో తెలుసుకున్నాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పొద్దున కూర్చున్న కుర్చీలోనే మళ్లీ కూర్చున్నాడు.

“సారూ, ఒక్క మాట. మీరు నన్ను పిలిపించినారు. నేను నిన్నటి నుంచి ఒక్క మరైనా తిప్పలేదు. ఎందుకో అడగలేదు మీరు” అన్నాడు.

ఒళ్లోంచి చేతులు పైకెత్తాడు. వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి. ఆపాలని పిడికిలి బిగించాడు. పిడికిలి కూడా వణికింది.

“నాలుగేండ్లాయ సారూ, ఇట్లయి. చాయ్ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటా. ఈ నాలుగేండ్లలో మా అంగట్లో బాగైన రేడియోలు, మీ స్టెబిలైజరు, అన్నీ ఈ పిల్ల చేసినవే. లోపలి గదిలో కూర్చొని ఇది చేస్తాది, బయట కూర్చొని నేను ఇస్తాను. ఆడపిల్ల చేసిందంటే ఎవరూ తేరేమోనని ఎవరికీ చెప్పలేదు. అది నా పిరికితనం. ఇయ్యాల చెప్తాండా. మీరు నలభై యేండ్లుగా నమ్మింది నన్నయితే, నా పని దీని చేతిలో ఉంది.”

సైదా వంగి, సంచిలో ఏదో వెతుకుతున్నట్టు చేతులు పెట్టింది. అందులో ఆమెకు కావలసిందేమీ లేదు. ఇరవై తొమ్మిదేళ్లలో తండ్రి ఆమె ముందు ఆమెను మెచ్చుకోవడం ఇదే మొదలు. బాగైన రేడియోను చెవి దగ్గర పెట్టుకొని తల ఊపేవాడు. అంతే.

ఉమాదేవి బల్ల దగ్గరికి పోయి కుర్చీ సర్దింది.

“అంకెలు పోతే మళ్లీ ఎక్కిస్తా. పుస్తకాలు యాడికీ పోలేదు కదా. ఆదివారం ఒక్కదినం నాకియ్యి సైదా, చాలు. అంతవరకు యంత్రం నీది” అంది. తర్వాత భర్త వైపు తిరిగి, “మీరు అడ్డం చెప్పొద్దండి” అంది.

లక్ష్మీనారాయణ గారు కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. భార్యను చూశాడు, గఫూర్ సాబ్ చేతులు చూశాడు. పోయి ఇంకో కుర్చీ తెచ్చి సైదాకు వేశాడు.

తెర పక్కన ఇంజనీరు అంటించిపోయిన కాగితం ఒకటి ఉంది. యంత్రం ఆగితే వెంటనే ఆపెయ్యాలి, అరగంట చల్లారనిచ్చి మళ్లీ వెయ్యాలి అని. ఇన్నాళ్లూ ఉమాదేవి అట్లాగే చేసింది. చల్లారితే రోగం దాక్కుంటుంది, ఇక చూసేదేముంటుంది అంది సైదా. ఆ సాయంత్రమే మూత పెట్టి నడిపి, ఆగీ ఆగగానే, చల్లారనివ్వకుండా మళ్లీ వేయించింది. యంత్రం లేచేటప్పుడు తన జ్ఞాపకాన్ని తానే లెక్కపెట్టుకుంటుంది. ఈసారి ఆ లెక్క మధ్యలో ఆగి, తెర మీద ఒక అంకెల వరస చూపించింది. ఉమాదేవి రాసుకుంది. ఇంకోసారి చేశారు. అదే వరస. మూడోసారి కూడా అక్షరం తేడా లేకుండా అదే.

“ఒక్కచోటే ఉందమ్మా. అన్నిసార్లూ అదే చెప్తాంది” అంది సైదా. ఆ అంకెలకు అర్థం చెప్పే పుస్తకం ఆ ఇంట్లో లేదు. యాభై నాలుగు చిప్పుల్లో అది ఏదో ఆమే వెతుక్కోవాలి.

శనివారం పొద్దున ఆదోని నుంచి వస్తూ స్పిరిటు సీసా, దూది తెచ్చింది. రేడియోల్లో ఆమె చేసే పనే. వేడికి చెడే భాగం ఏదో తెలియకపోతే, ఒక్కొక్కదాని మీద స్పిరిటు తడి అద్ది చల్లబరచాలి. దేన్ని చల్లబరిస్తే పాట తిరిగి వస్తుందో, దొంగ అదే. ఇక్కడ చిక్కేమిటంటే, మూత తీస్తే మొత్తం చల్లారిపోతుంది. మూత పెడితే చెయ్యి దూరదు. ఆమె ఉమాదేవిని అడిగి ఒక అట్టపెట్టె తెప్పించింది. మూత బదులు దాన్ని బోర్లించి, కార్డుకు ఎదురుగా చెయ్యి పట్టేంత కంత కోసి, దానికి గుడ్డ వేలాడదీసింది.

పని నిదానంగా సాగింది. పావుగంటో ఇరవై నిమిషాలో కాగనివ్వాలి. యంత్రం ఆగాలి. గుడ్డ తొలగించి ఒక వరుస మీద దూది అద్దాలి. మళ్లీ వెయ్యాలి. అదే అంకెల వరస కనిపిస్తే ఆ వరుసలో దొంగ లేనట్టు. ఉమాదేవి ప్రతిసారీ గంట రాసింది, వరుస రాసింది, ఫలితం రాసింది. వాళ్లు రోజా ఉన్నారని తెలిశాక ఆమె కూడా ఆ గదిలో మంచినీళ్లు తాగడం మానేసింది. లక్ష్మీనారాయణ గారు మొదట గుమ్మంలో, తర్వాత గది మధ్యలో, చివరకు సైదా కుర్చీ వెనక నిలబడ్డాడు.

నాలుగో వరుస చల్లబరిచినప్పుడు యంత్రం లెక్క ఆగకుండా పూర్తయింది.

అప్పుడు ఆ వరుసలో చిప్పు చిప్పుకూ అద్దుకుంటూ పోయింది. ఏడో చిప్పు దగ్గర తేలింది. అనుమానం లేకుండా ఉండాలని ఆరోదీ, ఎనిమిదోదీ ఇంకోసారి చూసింది. ఏడోదే.

కరెంటు తీసేసి కార్డు బయటికి లాగి బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి పెట్టింది. సన్నని స్క్రూడ్రైవరు రెండు కొనల కిందా కొంచెం కొంచెం దూర్చి, చిప్పును ఊడబెరికి వెల్లకిలా తిప్పింది. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం పదహారు సన్నటి కాళ్లుండాలి. భూతద్దం కింద పదిహేనే నిలబడి ఉన్నాయి. పదహారోది లోపలికి మడుచుకొని కడుపు కింద దాక్కుంది. పెట్టేటప్పుడు గుంటలోకి దిగకుండా వంగిపోయింది. చల్లగా ఉన్నప్పుడు అంచును తాకుతూ పని చేసింది, కాగినప్పుడు వెంట్రుకవాసి దూరం జరిగింది.

ఆమె భూతద్దం ఉమాదేవికి ఇచ్చింది. ఉమాదేవి చాలాసేపు చూసింది. తర్వాత భూతద్దం భర్తకు అందించి, ఆయన చూస్తున్నంతసేపూ ఆయన ముఖమే చూసింది.

“నీ వేళ్లు కాదు ఉమా” అన్నాడాయన మెల్లగా.

సైదా పట్టకారుతో ఆ కాలు నిటారు చేయబోయింది. ఒకసారి వంగినదాన్ని మళ్లీ వంచితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే ఊపిరి బిగబట్టి, వెంట్రుక వెంట్రుకగా లేపింది. సగం లేచాక చిన్న చప్పుడైనా లేకుండా అది విరిగి గుడ్డ మీద పడింది.

అట్లాంటి చిప్పు ఆదోనిలో లేదు, కర్నూలులోనూ దొరకదు. సైదా విరిగిన ముక్కను చూస్తూ ఉండిపోయింది. తర్వాత చిప్పును భూతద్దం కింద ఇంకోసారి తిప్పి చూసింది. మొదట్లో, ఒంటికి అంటుకొని, గసగసాల గింజంత మోడు మిగిలి ఉంది. దాని మీద సోల్డరింగ్ సీసం నిలుస్తుంది. వేడి ఎక్కువసేపు తగిలితే మాత్రం చిప్పు మాడిపోతుంది.

సంచిలోంచి ఒక పాత రెసిస్టర్ తీసి దాని తీగ కాలు కత్తిరించింది. బ్లేడుతో గీకి మెరిసేదాకా శుభ్రం చేసింది. సోల్డరింగ్ కడ్డీ పొడుగాటి మొనను ఆకురాయితో సన్నం చేసి కాగబెట్టింది. చిప్పును మైనపు ముద్దలో కదలకుండా నిలబెట్టింది. కడ్డీ చేతికి తీసుకునే ముందు తలెత్తి పైకి చూసింది. అప్పటికే గఫూర్ సాబ్ లేచి గోడ దగ్గరికి పోయి ఫ్యాను ఆపేశాడు. గాలి తగిలితే సీసం నలిగినట్టు గడ్డకడుతుందని ఆయనే ఎప్పుడో నేర్పాడు. ఫ్యాను ఆగాక గదిలో ఉడుకు ఒక్కసారిగా కమ్ముకుంది. ఆమె నుదుటి చెమట కనుబొమ మీద నిలిచింది. తుడుచుకోలేదు.

మొన తగిలించింది. సీసం మెరిసి పాకింది. తీసేసింది. ఊపిరి వదిలింది. అంతే పని.

భూతద్దం కింద చూస్తే కొత్త కాలు పాతవాటి పక్కన కొంచెం లావుగా, తెల్లగా నిలబడి ఉంది. మీటరు పెట్టి చూసింది, వేలితో కదిపి చూసింది. గఫూర్ సాబ్ భూతద్దం అడగలేదు. కూతురు భుజం మీదుగా వంగి ఆ వైపు ఒకసారి చూసి, తల ఊపి, పోయి ఫ్యాను వేశాడు.

కార్డు లోపల పెట్టారు. అట్టపెట్టె బోర్లించారు, కంత కూడా గుడ్డతో గట్టిగా మూశారు. మధ్యాహ్నం రెండు గంటలు, అన్నిటికంటే పాడు సమయం. ఉమాదేవి పుస్తకం తెరిచి గంట రాసి మొదటి ఊరితో మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలయింది. ముప్పై. లక్ష్మీనారాయణ గారు గడియారం వైపు చూడకుండా ఉండాలని కిటికీ ఊచలు లెక్కపెడుతున్నాడు. నలభై ఐదు. గంటకు ఉమాదేవి పెన్సిలు చుక్కలు పెట్టడం ఆపి, సైదా వైపు తిరిగి నవ్వింది. ఆమె పళ్లు కనపడేలా నవ్వడం సైదా అప్పుడే చూసింది. తర్వాత మూడు గంటలు అట్లాగే నడిచింది. ఆ సాయంత్రం వాళ్లు రోజా విడిచే వేళకు ఉమాదేవి ఖర్జూరాలు, మంచినీళ్లు తెచ్చి పెట్టి, వాళ్లు తాగాక తానూ తాగింది.

ఆదివారం పదకొండు గంటలకు ఉమాదేవి ఇరవయ్యో ఊరి మీద ఉండగా, ఇంటి ముందు రిక్షా ఆగింది. ఇంజనీరు బాలకృష్ణ దిగాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. శుక్రవారం లక్ష్మీనారాయణ గారు మళ్లీ ట్రంకాల్ చేసిన ఫలితం. కొత్త కార్డు పెట్టెతో సహా తెచ్చుకున్నాడు. గదిలోకి వచ్చి, యంత్రం మీద అట్టపెట్టె, దాని పక్కన చీరకొంగు నడుముకు దోపుకొని కూర్చున్న సైదాను చూసి నిలబడిపోయాడు.

లక్ష్మీనారాయణ గారు జరిగింది చెప్పాడు. పూసగుచ్చినట్టు చెప్పాడు, ఎక్కడా తన తప్పు తగ్గించి చెప్పలేదు. తాను పొమ్మన్న సంగతి కూడా చెప్పాడు. ఇంజనీరు విని, రేడియో పద్ధతులు దీనికి పనికిరావనీ, కార్డు పెట్టిన రోజు తాను మూత తీసి రెండుగంటలు నడిపి చూసినప్పుడు ఏ లోపమూ కనపడలేదనీ అన్నాడు.

“మూత తీస్తే కనపడదు సార్. మూత పెట్టి చూడాల” అంది సైదా.

ఆ తర్వాత ఉమాదేవి సన్నని పుస్తకం ఆయన ముందు పెట్టింది. ముప్పై ఎనిమిది సార్లు ఆగినవి, శనివారం చేసిన పరీక్షలు అన్నీ. ఇంజనీరు నిలబడే చదవడం మొదలుపెట్టి, రెండో పేజీకి కుర్చీ కోసం చూశాడు. చివరికి వచ్చేసరికి ఆయన ముఖంలో రంగు మారింది. ఆ చిప్పులు గుంటల్లో కూర్చోబెట్టింది ఆయన చేతులే.

“మేడం, ఇది మీ తప్పు కాదు” అన్నాడు.

“అది నాకు తెలుసు నాయనా” అంది ఉమాదేవి.

ఆయన తెచ్చిన పెట్టె విప్పాడు. కొత్త కార్డు వేసి పాతది తీసుకుపోతానన్నాడు. అతికించిన కాలు ఎన్నాళ్లుంటుందో ఎవరు చెప్పగలరు, కొత్తదైతే కంపెనీ పూచీ ఉంటుంది అన్నాడు. మాట సబబుగానే ఉంది. లక్ష్మీనారాయణ గారు అలవాటు చొప్పున సరేనని తల ఊపబోయి, ఎందుకో ఆగి భార్య వైపు చూశాడు.

ఉమాదేవి మీటల మీద నుంచి చేతులు తీయలేదు.

“నీ కొత్త కార్డు వేసిన దినం నుంచి మూడు వారాలు నేను తప్పుల మనిషినైపోయినా. ఈ పిల్ల అతికించిన కాలు మీద నిన్న నాలుగు గంటలు, ఈ పొద్దు నాలుగు గంటలు నడిచింది. దీన్ని తీసేది లేదు. ఎత్తిపెట్టుకో నీ పెట్టె” అంది. గొంతు పెంచలేదు. మళ్లీ పుస్తకంలోకి చూసి తర్వాతి అంకె నొక్కింది.

ఇంజనీరు పెట్టె మూసేశాడు. అప్పుడే వెళ్లిపోతాడనుకున్నారు. వెళ్లలేదు. చొక్కా చేతులు మడుచుకొని సైదా దగ్గరికి వచ్చి, అంత చిన్న మోడు మీద చిప్పు మాడకుండా సీసం ఎట్లా నిలబెట్టావమ్మా, నాకొకసారి చూపిస్తావా అని అడిగాడు. సైదా తండ్రి వైపు చూసింది. గఫూర్ సాబ్ ఇటు చూడనట్టు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. ఆమె సంచిలోంచి పాడైన రేడియో చిప్పు ఒకటి తీసి మైనంలో నిలబెట్టి, ఇంజనీరును కూర్చోమంది. ముందు ఫ్యాను ఆపమని చెప్పింది. ఆయన లేచి ఆపాడు.

మూడున్నరకు ప్రింటరు మొదలైంది. ఇరవై మూడు ఊళ్ల వాన, బారుగా, మడత కాగితం మీద గరగరమంటూ దిగింది. గోనెగండ్ల వరుస వచ్చినప్పుడు లక్ష్మీనారాయణ గారు పుస్తకంతో సరిచూశాడు. ఎమ్మిగనూరు కంటే పోయిన ఏడు సగానికి సగం తక్కువ. ఎక్కడా ఒక్క అంకె తేడా రాలేదు. కర్నూలుకు నువ్వూ రా ఉమా, ఎవరు కూడారని అడిగితే నేనేం చెప్పను అన్నాడాయన.

తొమ్మిది రోజుల తర్వాత ఆదోని బజారులో, రేడియోలు తెచ్చి బల్ల మీద కూర్చున్నవాళ్లు నలుగురు ఉండగా, పోస్టుమాన్ ఒక కార్డు పట్టుకొని అంగడి ముందు నిలబడ్డాడు. పేరు ఈ అంగడిది కాదే సాబ్, ఇక్కడ ఈ పేరుతో మెకానిక్ ఎవరని అడిగాడు.

గఫూర్ సాబ్ లోపలి గది వైపు తిరిగి కూతురిని పిలిచాడు. సైదా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కార్డు తీసుకొని చదివింది. గోనెగండ్ల పట్టీలో చేరిందని, కమిటీ వాళ్లు గంటసేపు తననే ప్రశ్నలడిగారని, తడబడకుండా చెప్పానని ఉమాదేవి రాసింది. యంత్రం నేటి వరకు ఒక్కసారీ ఆగలేదని, నిన్న మధ్యాహ్నం ఎండలో ఐదు గంటలు నడిపానని రాసింది. తెలుగు చదవడం రాని తండ్రికి సైదా అంతా వినిపించింది.

ఆయన విని, “మంచిది. పైన ఏం రాసినారు, అది సదువు” అన్నాడు.

ఆమె కార్డు తిప్పింది.

“సైదా బీ, రేడియో, కంప్యూటరు మెకానిక్, ఆదోని.”

“గట్టిగా సదువు” అన్నాడు గఫూర్ సాబ్.

సైదా బల్ల మీద కూర్చున్న నలుగురి వైపు తిరిగింది. అందరికీ వినపడేటట్టు మళ్లీ చదివింది.